సెక్షన్ 74 దగ్గర బండి ఆగిపోయింది, ఎల్‌ఎల్‌ఎం కాంట్రాక్ట్స్ ఎలా చదవాలి?

తార్నాక విద్యార్థి:

అందరికీ నమస్తే. సిటీలోనే ఎల్‌ఎల్‌ఎం మొదటి సంవత్సరం చదువుతున్నా. ఎల్‌ఎల్‌బీలో కాంట్రాక్ట్స్ రెండు పేపర్లూ గట్టెక్కిన పద్ధతి మీకు తెలిసిందే. సెక్షన్ నంబరు, డెఫినిషన్, రెండు కేసుల పేర్లు, రాత్రి బట్టీ, పొద్దున పరీక్ష. ఇక్కడ ఆ పప్పులు ఉడకడం లేదు. మా మేడం క్లాసుకి రాగానే ఏదో ఒక అగ్రిమెంట్ జిరాక్స్ చేతికిచ్చి, "వీళ్లిద్దరికీ చెడింది. ఇప్పుడు ఎవరి డబ్బు ఎవరికి పోతుందో చెప్పండి" అంటారు. పోయిన వారం నా వంతు. కాంట్రాక్ట్ చట్టంలో ఒప్పందం తప్పితే ఇవ్వాల్సిన పరిహారం గురించి చెప్పే సెక్షన్ 74 గడగడా అప్పజెప్పాను. "బాగుంది, ఇంతకీ ఎంత ఇప్పిస్తావు?" అన్నారు. నోట మాట రాలేదు.

సెమినార్ పేపర్ కూడా ఆ టాపిక్ మీదే తీసుకున్నా, కోరి తెచ్చుకున్న కష్టం. ఫతేచంద్, మౌలా బక్స్, సా పైప్స్, కైలాష్‌నాథ్, ఈ సుప్రీంకోర్టు తీర్పులు నాలుగూ చదివాను. నష్టం రుజువు చేయాలని ఒకటి అంటుంది, అక్కర్లేదని ఇంకోటి అంటుంది, చివరిది రెండు వైపులా తలూపుతున్నట్టుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం కావడంతో ఒక్కో తీర్పుకి రెండు మూడు రోజులు పడుతోంది. ఇంకా మూడు వారాలే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కోఠి కస్టమర్:

కోఠిలో సెకండ్ హ్యాండ్ గైడ్ పట్టుకో బ్రదర్, పాత ప్రశ్నలకు జవాబులు కూడా ఉంటాయి. నేను దాంతోనే పాసయ్యా. టెన్షన్ పడకు.

సివిల్ కోర్టు అక్క:

గైడ్‌తో పాసవుతారు, కాదనను. కానీ తమ్ముడూ, పాత గైడ్‌లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం (ఒప్పందాన్ని కోర్టు ద్వారా అమలు చేయించుకునే చట్టం) చాప్టర్ మాత్రం ముట్టుకోకు. 2018 సవరణకు ముందు అచ్చయినవన్నీ ఒప్పందాన్ని అమలు చేయించడం కోర్టు విచక్షణ అనే చెబుతాయి. 2018 అక్టోబరు 1 నుంచి ఆ విచక్షణ ఇచ్చిన పాత సెక్షన్ 20 లేదు. ఇప్పుడా నంబరు కింద ఉన్నది వేరే సంగతి: ఎదుటివాడు పని ఎగ్గొడితే వేరేవాళ్లతో చేయించుకుని ఖర్చు వాడి దగ్గర వసూలు చేసుకునే హక్కు. మా ఆఫీసుకి వచ్చే జూనియర్లలో సగం మంది ఇంకా పాత సెక్షన్ 20 చదువుకునే వస్తారు.

ఇక నీ 74. తీర్పులు నాలుగూ పక్కన పెట్టి, ముందు ఆ సెక్షన్‌ని నీ చేత్తో తెలుగులో రాసుకో. నేను చదువుకునే రోజుల్లో రాసుకున్నది దాదాపు ఇది: "మాట తప్పితే ఇంత కట్టాలని ఒప్పందంలో ఒక మొత్తం రాసుకున్నా, మరేదైనా పెనాల్టీ షరతు పెట్టుకున్నా, మాట తప్పినప్పుడు, నష్టం రుజువైనా కాకపోయినా, ఎదుటివాడికి న్యాయమైన పరిహారం దక్కుతుంది. అది రాసుకున్న మొత్తాన్ని మించకూడదు."

ఇందులో రెండు మాటల కింద గీత గీయి. ఒకటి "రుజువైనా కాకపోయినా". రెండోది "న్యాయమైన". నష్టం ఎంతో తెలియకుండా న్యాయమైన పరిహారం ఎంతో ఎలా తేల్చాలి? నీ నాలుగు కేసులూ ఈ రెండు మాటల మధ్య తాడులాట. ఏ కేసులో ఏ మాట నెగ్గింది, ఎందుకు నెగ్గింది అన్నదే చూడు.

ఫతేచంద్ (1963) మన బయానా గొడవే. ఇల్లు 1,12,500 రూపాయలకు బేరం, బయానా 1,000, స్వాధీనం ఇచ్చేటప్పుడు ఇంకో 24,000. కొన్నవాడు తప్పితే మొత్తం 25,000 జప్తు అని షరతు. బయానా 1,000 అమ్మినవాడు ఉంచుకోవచ్చు, 24,000 మాత్రం పెనాల్టీ కిందికి వస్తుంది, షరతు రాసుకున్నారు కదా అని పూర్తిగా మింగేయడానికి వీల్లేదు అన్నారు. "రుజువైనా కాకపోయినా" అంటే రుజువు అక్కర్లేదని చెప్పడమే, అసలు ఏ దెబ్బా తగలనివాడికి డబ్బు ఇప్పించమని కాదు అనే మాట కూడా అక్కడిదే.

మౌలా బక్స్ (1969) బంగాళాదుంపల కేసు. మిలిటరీకి దుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సప్లై చేస్తానని రెండు కాంట్రాక్టుల మీద మొత్తం 18,500 డిపాజిట్ కట్టాడు. సరుకు సరిగ్గా అందలేదు, ప్రభుత్వం డిపాజిట్ జప్తు చేసింది. కోర్టు అడిగిన ప్రశ్న ఎవరైనా అడిగేదే: దుంపలు బజార్లో కొన్నారు కదా, ఎంత ఎక్కువ పెట్టి కొన్నారో చూపించండి. చూపించలేదు. డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. లెక్క కట్టగలిగిన నష్టమైతే లెక్క కట్టి చూపించాలి. "రుజువైనా కాకపోయినా" అన్నది లెక్కకు అందని నష్టాల కోసం.

ఇప్పుడు సా పైప్స్ (2003) దగ్గరికి రా. ఓఎన్‌జీసీకి పైపులు ఆలస్యంగా వచ్చాయి, యూరప్‌లో స్టీలు మిల్లుల సమ్మె కారణం. ఒప్పందంలో రాసుకున్న మొత్తాన్ని బిల్లులో కోసుకున్నారు. నష్టం రుజువు చేయలేదు కాబట్టి ఆ డబ్బు వెనక్కి ఇవ్వాలని ఆర్బిట్రేటర్లు (కోర్టు బయట తగవు తీర్చే మధ్యవర్తులు) అంటే, సుప్రీంకోర్టు కాదంది. నూనె బావి దగ్గర పైపు ఆలస్యమైతే ఎంత నష్టమో ఎవరు లెక్క కడతారు? ఇరుపక్షాలూ ముందే కూర్చుని సహేతుకంగా అంచనా వేసుకున్న మొత్తమైతే, అది అన్యాయమని తేలనంతవరకు అదే ఇవ్వాలి అంది. దీన్ని మౌలా బక్స్‌కు అడ్డంగా చదవకు, పక్కన పెట్టి చదువు. దుంపలకు మార్కెట్ రేటు ఉంది, బావి దగ్గరి ఆలస్యానికి లేదు.

ఆ తీర్పులో సింహభాగం ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 మీద, అంటే పబ్లిక్ పాలసీకి విరుద్ధమని ఆర్బిట్రేటర్ల తీర్పును కోర్టు ఎప్పుడు కొట్టేయొచ్చు అన్నదాని మీద నడుస్తుంది. నీ మూడు రోజులు అక్కడే పోయుంటాయి. 74 చర్చ మొదలయ్యే చోటుకు నేరుగా వెళ్లు.

తార్నాక విద్యార్థి:

అక్కా, నిజంగానే మూడు రోజులు అక్కడే పోయాయి! ఒక్క డౌట్. నా దగ్గరున్న ఇంగ్లండ్ పుస్తకంలో ఒప్పందంలో రాసుకున్న మొత్తం ముందు లిక్విడేటెడ్ డ్యామేజెసా (నష్టాన్ని ముందే నిజాయితీగా అంచనా వేసుకున్నదా), పెనాల్టీనా (మాట తప్పకుండా భయపెట్టడానికి పెట్టిందా) అన్నది తేల్చుకోమని ఉంది. మొదటిదైతే మొత్తం, రెండోదైతే సున్నా. ఫతేచంద్‌లో ఆ మెట్టు కనిపించదేం?

రిటైర్డ్ లెక్చరర్:

బాబూ, నీ చిక్కు ముడి ఇక్కడ పడింది. ఆ మెట్టు మన ఇంట్లో లేదు. ఇంగ్లండులో 1914 నాటి డన్‌లప్ టైర్ల కేసు నుంచి ఆ విభజన గట్టిగా నడిచింది. 2015లో వాళ్ల సుప్రీంకోర్టే దాన్ని సడలించింది. ఆ తీర్పులో ఒక పార్కింగ్ కేసు ఉంది. రెండు గంటలు ఫ్రీ పార్కింగ్, ఒకాయన 56 నిమిషాలు ఎక్కువ ఉంచాడు, 85 పౌండ్లు కట్టమన్నారు. కట్టాల్సిందే అన్నారు. మన 74లో పెనాల్టీ మాట 1899 సవరణతో చేరాక, రెంటికీ ఒకటే కొలత: న్యాయమైన పరిహారం, పై హద్దు రాసుకున్న మొత్తం. ఇంగ్లీషు పుస్తకాన్ని పోలికకు వాడుకో, దారి చూపించమని అడగకు. మా విద్యార్థులు చాలామంది ఈ ఒక్క చోటే మార్కులు పోగొట్టుకునేవారు.

తీర్పులు చదవడానికి భయపడుతున్నావు కాబట్టి ఇంకో మాట. ఒక సాయంత్రం చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ చదువు. 1917, మద్రాసు హైకోర్టు. ఆత్మహత్య చేసుకుంటానని భర్త బెదిరించి భార్య చేత, కొడుకు చేత తన తోడబుట్టినవాడి పేర రిలీజ్ డీడ్ (ఆస్తిలో హక్కు వదులుకునే పత్రం) రాయించాడు. అది బలవంతం కిందికే వస్తుందని ఇద్దరు జడ్జీలు, రాదని ఒక జడ్జి. మన ఇళ్లలో జరిగే తగవే కాబట్టి ఇంగ్లీషు అడ్డం రాదు. ఒప్పుకోని ఆ ఒక్క జడ్జి వాదన కూడా చదువు. ఎల్‌ఎల్‌ఎంలో మార్కులు అక్కడ ఉంటాయి.

మాదాపూర్ ఉద్యోగి:

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మా కంపెనీలో రెండేళ్ల బాండ్, ముందే మానేస్తే డబ్బు కట్టాలి. వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం ఇది చెల్లదని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

సివిల్ కోర్టు అక్క:

27 ఒక్కదానితో బయటపడలేరండీ. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదంటే 27 అడ్డం వస్తుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలానికే వర్తించే షరతు వేరు. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మళ్లీ నోటిఫికేషన్ వేసి మనిషిని తీసుకోవడానికి అయ్యే ఖర్చు, శ్రమ చూసి అన్నారు. అంతమాత్రాన ప్రతి కంపెనీ బాండూ చెల్లుతుందని కాదు. మీ మీద నిజంగా ట్రైనింగ్ ఖర్చు పెట్టారా అన్నది మళ్లీ 74 దగ్గరికే వస్తుంది. మీ బాండ్ కాగితం ఎవరైనా లాయరుకి చూపించండి, ఇక్కడ టైప్ చేయకండి.

తమ్ముడూ, కైలాష్‌నాథ్ (2015) చెప్పడం మర్చిపోయా. దాన్ని పేరా 43 నుంచి చదువు, పాత కేసులన్నీ అక్కడ గుదిగుచ్చారు. తర్వాత వెనక్కి వెళ్లి ఫ్యాక్ట్స్ చూడు. 1982లో ఢిల్లీలో ప్లాటు వేలం, పాట 3.12 కోట్లు, బయానా 78 లక్షలు. ఏళ్లు గడిచాక బయానా జప్తు చేసి, అదే ప్లాటును 1994లో 11.78 కోట్లకు అమ్ముకున్నారు. నష్టం ఏదీ? లాభమే వచ్చింది. తిరిగివ్వమన్నారు. అదే పేరా 43లో, ఒప్పందం కుదరకముందే వేలం షరతుల కింద జరిగే జప్తుకు 74 వర్తించదని ఒక మాట ఉంది. నీ మేడం దాని మీద తప్పకుండా అడుగుతారు.

తీర్పులు సుప్రీంకోర్టు ఈ-ఎస్సీఆర్ సైట్లో ఫ్రీగా దొరుకుతాయి. ప్రింట్ తీసుకో. ఫోన్లో చదివితే పేరా నంబర్లు గుర్తుండవు.

తార్నాక విద్యార్థి (తొమ్మిది రోజుల తర్వాత):

అక్కా, సార్, ఒక పని చేశా. మా బాబాయి ఘట్‌కేసర్ వైపు ప్లాటు కోసం చేసుకున్న అగ్రిమెంట్ అడిగి తెచ్చుకున్నా. బేరం 42 లక్షలు. బయానా 2 లక్షలు, నెల తర్వాత 8 లక్షలు ఇచ్చాడు. బ్యాంకు లోన్ రాక మిగతాది గడువులోగా కట్టలేదు. రెండో పేజీ చివర్లో "గడువులోగా మిగతా సొమ్ము చెల్లించనిచో ఇంతవరకు ముట్టిన సొమ్ము యావత్తు జప్తు" అని ఉంది. అమ్మినాయన ఆ ప్లాటుని 46కి వేరేవాళ్లకు అమ్మేశాడు. బాబాయి పది లక్షలూ పోయాయనే అనుకుంటున్నాడు.

నా జవాబు: 2 లక్షలు పోవచ్చు, అది బయానా. 2012లో సతీష్ బాత్రా కేసులో 70 లక్షల బేరంలో 7 లక్షలు బయానా కింద జప్తు చేసుకోనిచ్చారు. 8 లక్షలు ఫతేచంద్‌లోని 24,000 లాంటివి. పైగా అమ్మినాయనకు 4 లక్షలు ఎక్కువే వచ్చాయి కాబట్టి కైలాష్‌నాథ్ ప్రకారం ఆ 2 లక్షలకు కూడా వాదించొచ్చు. క్లాసులో చెప్పాను. మేడం ఈసారి "ఆ 8 లక్షలను కూడా అగ్రిమెంట్‌లో బయానా అనే రాస్తే?" అన్నారు.

సివిల్ కోర్టు అక్క:

పేరు చూసి తేల్చరు, ఆ డబ్బు ఎందుకిచ్చారో చూస్తారు. బేరం గట్టిపడడానికి ఇచ్చిందా, ధరలో భాగంగా కట్టిందా? బేరం నాడే ఇచ్చింది ఒక రకం, నెల తర్వాత వాయిదాగా కట్టింది ఇంకో రకం. పేపర్లో దీనికే నాలుగు పేజీలు కేటాయించు.

క్లాసు సంగతి సరే, బాబాయి అమ్మినాయనకు నోటీసు ఇచ్చాడా? డబ్బు వసూలుకు దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే టైము. అగ్రిమెంట్‌లో గడువు తేదీ ఎప్పుడో, ప్లాటు ఎప్పుడు అమ్మారో కాగితం మీద రాసుకుని ఈ వారమే ఒక లాయరుని కలవమను.