1992 మియాటాకి ఏ ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) పెట్టాలి? ఉన్నది చచ్చిపోయినట్టుంది

ఎర్రబండి:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఉంటాను. పోయిన వేసవిలో 1992 మజ్దా మియాటా కొన్నాను, వెనక చక్రాలతో నడిచే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. 1.6 ఇంజిను, అయిదు గేర్లు. అమ్మినాయన "ఫ్యాక్టరీ ఎల్‌ఎస్‌డీ ఉంది" అని రెండుసార్లు నొక్కి చెప్పాడు, నేనూ నమ్మేశాను. డిఫరెన్షియల్ అంటే ఇంజిను బలాన్ని వెనక రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, ఎల్‌ఎస్‌డీ అంటే ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపే రకం. నెలకో ఆదివారం ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య టైము చూసి నడిపే పోటీ) వెళ్తున్నా. రెండో గేర్లో మలుపు సగం దాటాక యాక్సిలరేటర్ తొక్కితే లోపలి వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, బండి ముందుకు పోదు. పక్కనున్నాయన వీడియో తీసి చూపించాడు, ఒక్క చక్రం నుంచే పొగ! వానలో ఆఫీసుకి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర కూడా ఇదే గోల. బడ్జెట్ 1,500 డాలర్లు. టోర్సెన్, క్లచ్ రకం, 1.5-వే, 2-వే అని చదివి చదివి బుర్ర వేడెక్కింది. ఏది కొనమంటారు?

పాతఇనుము:
తమ్ముడూ, పర్సు ఇంకా బయటికి తియ్యకు. ముందు టైరు పక్కన డీఓటీ అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడు. 2316 అంటే 2016లో 23వ వారం తయారైందన్న మాట. మంచి ట్రెడ్డు ఉన్నా రబ్బరు రాయిలా గట్టిపడితే ఏ డిఫరెన్షియలూ ఏమీ చెయ్యలేదు.

తర్వాత ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి, స్టాండ్ల మీద పెట్టు. జాకీ మీదే వదిలేసి కిందికి దూరకు. హ్యాండ్‌బ్రేక్ తీసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒక చక్రం చేత్తో తిప్పు. రెండోది అటే తిరిగిందా, ఎదురు తిరిగిందా చూసి చెప్పు. బండి ఎటూ స్టాండ్ల మీదే ఉంటుంది కాబట్టి డిఫ్ ఆయిల్ కూడా తీసి చూడు. కానీ ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింద డ్రెయిన్ బోల్టు మీద చెయ్యి వెయ్యి. ఒకసారి ఆయిలంతా పారబోశాక ఫిల్లర్ ఊడక, బండి మూడు రోజులు గాల్లోనే ఉంది. ఎవరికి జరిగిందని అడక్కండి.

డ్రిఫ్ట్ పిచ్చోడు:
బ్రో, ఎందుకివన్నీ? డిఫ్ లోపలి స్టార్ గేర్లకి (రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే చిన్న గేర్లు) వెల్డింగ్ కొట్టించెయ్. వంద డాలర్లలో అయిపోతుంది. రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి, జీవితాంతం గ్యారంటీ.

కోనసీమ కారు:
వెల్డింగ్ సంగతి మా ఊరి పొలాల్లో నేర్చుకున్నాను, వినండి. దమ్ములో ట్రాక్టర్ ఒక చక్రం బురదలో గిరగిర తిరుగుతుంది, రెండోది కదలదు. అప్పుడు డిఫ్ లాక్ పెడల్ తొక్కితే రెండూ కలిసి తిరిగి బండి బయటపడుతుంది. గట్టు మీదికి రాగానే మా నాన్న మొదటి మాట "కాలు తియ్యరా!" లాక్ తొక్కి ఉంచి మలుపు తిప్పితే స్టీరింగ్ తిరగదు, బండి తిన్నగా పోయి కాలవలో పడుతుంది, లోపల యాక్సిల్ మీద కూడా బరువు పడుతుంది. వెల్డింగ్ అంటే కాలు ఎప్పటికీ తియ్యని డిఫ్ లాకే. బండిని కావాలని పక్కకి జార్చే డ్రిఫ్టింగ్‌కి సరే. వానలో ఆఫీసుకి వెళ్లే బండికా?

డ్రిఫ్ట్ పిచ్చోడు:
ఆఫీసుకి వెళ్లే బండి అన్న ముక్క చూసుకోలేదు. వెనక్కి తీసుకుంటున్నా.

ఎర్రబండి:
అన్నా, చెప్పినవన్నీ చేశాను. టైర్లు 2315! తిప్పితే రెండో చక్రం ఎదురు తిరుగుతోంది. ఆయిల్ నల్లగా, వాసన భరించలేనట్టుంది. డ్రెయిన్ బోల్టుకున్న అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుంది కానీ ముక్కలేమీ లేవు. అంటే అమ్మినాయన అబద్ధం చెప్పాడా?

పాతఇనుము:
చక్రం ఎదురు తిరిగిందంటే ఓపెన్ డిఫ్ (ఎల్‌ఎస్‌డీ లేని మామూలు డిఫ్) లాగే పనిచేస్తోందన్న మాట. అయినా అబద్ధమే అనక్కర్లేదు. ఆ ముద్ద మామూలు అరుగుదలే, పళ్ల ముక్కలు కనిపిస్తేనే భయపడాలి. 1990 నుంచి 93 దాకా ఇక్కడ అమ్మిన 1.6 బండ్లకి ఆప్షన్‌గా వచ్చింది విస్కస్ ఎల్‌ఎస్‌డీ. లోపల సన్నటి రేకులు దొంతరగా ఉంటాయి, మధ్యలో చిక్కటి సిలికాన్ ద్రవం. రెండు చక్రాల వేగంలో తేడా వస్తేనే ఆ ద్రవం రేకుల్ని పట్టి లాగుతుంది. కొత్తలోనే దాని పట్టు అంతంతమాత్రం, పైగా చక్రం జారాకే పట్టుకుంటుంది. ముప్పై ఏళ్లు దాటేసరికి ద్రవంలో సత్తువ పోయి ఓపెన్ డిఫ్ లాగే తిరుగుతుంది. నీ బండికి మొదట్నుంచీ ఓపెనే ఉండొచ్చు, విస్కస్ ఉండి చచ్చిపోయి ఉండొచ్చు. రెండింటికీ మందు ఒకటే కాబట్టి ఆయనతో గొడవ అనవసరం. విస్కస్ యూనిట్ సీలు వేసి ఉంటుంది, విప్పి బాగుచేసుకునే వస్తువు కాదు. దాని మీద ఒక్క డాలరు పెట్టినా దండగే.

మొదట నాలుగు టైర్లూ మార్చు. వానలో సిగ్నల్ దగ్గర గోల చాలావరకు దాంతోనే పోతుంది. ఆటోక్రాస్‌లో లోపలి చక్రం తిరగడం మాత్రం పోదు, ఎందుకంటే మలుపులో బరువంతా బయటి చక్రం మీదికి పోతుంది.

ఇక ఎల్‌ఎస్‌డీ. ఓపెన్ డిఫ్ రెండు చక్రాలకీ సమానంగానే బలం ఇస్తుంది. లోపలి చక్రం 20 పాళ్లకే జారితే బయటిదానికీ 20 పాళ్లే. టోర్సెన్ లాంటి గేర్ల రకంలో లోపలి గేర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని, పట్టున్న చక్రానికి ఎక్కువ పంపుతాయి. బయాస్ నిష్పత్తి 2 అనుకో, లోపలిది 20 మోస్తే బయటిది 40 దాకా తీసుకుంటుంది. అరిగే క్లచ్ ప్లేట్లు లేవు, స్పెషల్ ఆయిల్ అక్కర్లేదు, మామూలు జీఎల్-5 గేర్ ఆయిల్ చాలు. నడుపుతుంటే ఉందన్న సంగతే తెలీదు. లోపం ఒకటే. లోపలి చక్రం నేల విడిచి గాల్లోకి లేస్తే సున్నాని రెండుతో హెచ్చవేసినా సున్నాయే. అప్పుడు ఎడమకాలితో బ్రేకు కాస్త తాకిస్తే గాల్లో చక్రానికి కొంచెం నిరోధం దొరికి, బయటిదానికి మళ్లీ బలం వెళ్తుంది.

క్లచ్ రకానికి ఈ సున్నా గొడవ లేదు, ప్లేట్లకి ప్రీలోడ్ (ముందే బిగించి ఉంచిన ఒత్తిడి) ఉంటుంది కాబట్టి చక్రం లేచినా పట్టుకునే ఉంటుంది. 1-వే అంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడే బిగుస్తుంది. 2-వే కాలు తీసినప్పుడూ అంతే బిగుస్తుంది, 1.5-వే కాలు తీసినప్పుడు కొంచెం తక్కువగా. ట్రాక్ బండికి బంగారం. కానీ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వస్తే వెనక నుంచి కటకటమని కొడుతుంది, పక్కింటివాళ్లు బండి విరిగిందనుకుంటారు. ఆయిల్ తరచూ మార్చాలి, ప్లేట్లు అరుగుతాయి. ఆఫీసుకీ నెలకో ఆటోక్రాస్‌కీ నేనైతే పెట్టను.

ఎర్రబండి:
అయితే టోర్సెన్ ఒకటి కొని నా హౌసింగ్‌లోనే పెట్టించేస్తే సరిపోతుందా? దగ్గర్లో ఒక షాపువాళ్లు పెట్టి ఇస్తామన్నారు.

పాతఇనుము:
అక్కడే చాలామంది జారిపోతారు. నీది ఆరంగుళాల డిఫ్. అంటే లోపలి రింగ్ గేరు వ్యాసం, మన మెకానిక్కులు క్రౌన్ అంటారే, అది. 1994లో 1.8 ఇంజినుతో పాటు ఏడంగుళాలది వచ్చింది. మజ్దా టోర్సెన్ ఆ ఏడంగుళాల దాంట్లోదే, నీ హౌసింగ్‌లో పట్టదు. ఆరంగుళాలకి బయటి కంపెనీల క్లచ్ రకాలు దొరుకుతాయి కానీ పెట్టాలంటే క్రౌన్‌నీ, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌నీ మళ్లీ సెట్ చెయ్యాలి. షిమ్ములు (సర్దుబాటుకి పెట్టే సన్నటి రేకులు), డయల్ గేజి కావాలి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉండాలి. తప్పితే 60 మైళ్ల దగ్గర కుయ్‌మని మొదలవుతుంది, ఇక ఆగదు. నేనోసారి ఒక షాపులో చేయించుకుని ఏడాదిపాటు ఆ పాట విన్నాను.

అందుకే డిఫ్ లోపలి సరుకు కాకుండా మొత్తం సెట్టు కొను. 1.8 బండి నుంచి ఏడంగుళాల టోర్సెన్ డిఫ్ హౌసింగ్‌తో సహా, రెండు యాక్సిళ్లు, గేర్‌బాక్స్ నుంచి డిఫ్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు, నాలుగూ ఒకే బండివి అయ్యేట్టు చూసుకో. పాత షాఫ్టు ఫ్లాంజి దీనికి కలవదు. హబ్బులు నీవే సరిపోతాయి. క్రౌన్ పినియన్ ఫ్యాక్టరీలో సెట్ చేసిందే కాబట్టి నువ్వు బోల్టులు తప్ప ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు.

అమ్మేవాళ్లు ఏడంగుళాల డిఫ్ కనిపిస్తే చాలు, టోర్సెన్ అనేస్తారు. 1.8 బండ్లలో ఓపెన్ డిఫ్‌వీ చాలా ఉన్నాయి. యాక్సిల్ ఊడదీసిన రంధ్రంలోకి టార్చి వేసి చూడు. స్టార్ గేర్ల పిన్ను అడ్డంగా కనిపిస్తే అది ఓపెన్, అక్కడే వదిలేసి వచ్చెయ్. పినియన్ చేత్తో తిప్పి చూడు, ఎక్కడైనా తట్టుకుంటున్నట్టుంటే బేరింగు పోయిందన్న మాటే.

ఇంకోటి. నీ డిఫ్‌ది 4.30 రేషియో, అంటే షాఫ్టు 4.30 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. 94–97 బండ్లది 4.10. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి నడుస్తుంది కాబట్టి మార్చాక దాదాపు 5 శాతం తక్కువ చూపిస్తుంది. అసలు 60లో వెళ్తుంటే 57 దగ్గర ఉంటుంది ముల్లు. తర్వాతి మోడల్ ఆరు గేర్ల బండి 3.909 దొరికిందని తీసుకుంటే తేడా దాదాపు 9 శాతం, పైగా 1.6 ఇంజిను ఈడ్చుకుంటూ పోతుంది. నీకు 4.10 చాలు.

కోనసీమ కారు:
ఒక్క మాట. ఆటోక్రాస్ పోటీలు నడిపే ఎస్‌సీసీఏ క్లబ్బు స్ట్రీట్ క్లాస్‌లో ఆడుతుంటే ఇలా డిఫ్ మార్చకూడదు. ముందే క్లాసు చూసుకోండి, లేకపోతే ఎవరో ఒకరు ప్రొటెస్ట్ (ఫిర్యాదు) వేస్తారు.

ఎర్రబండి:
నేను ఎటూ చివరి నుంచి మూడోవాణ్ణే, నా మీద ప్రొటెస్ట్ ఎవరేస్తారండీ! అయినా క్లాస్ మార్చుకుంటాను. 1995 బండి నుంచి సెట్టు ఒకటి దొరికింది, టార్చి వేసి చూశా, అడ్డంగా పిన్ను లేదు. ఈ శనివారం మొదలెడుతున్నా.

పాతఇనుము:
గేర్‌బాక్స్‌కీ డిఫ్‌కీ మధ్య పొడుగాటి అల్యూమినియం ఫ్రేము ఉంటుంది, పీపీఎఫ్ అంటారు. అది విప్పే ముందు గేర్‌బాక్స్ తోక కింద ఇంకో జాకీ పెట్టు. మళ్లీ బిగించేటప్పుడు ఎత్తు సరిగ్గా కుదర్చకపోతే బండంతా వణుకుతుంది, గేర్ రాడ్ నీ చేతికి మసాజ్ చేస్తుంది. విప్పకముందే ఎత్తు కొలిచి రాసుకో. యాక్సిల్ నట్లు 200 న్యూటన్ మీటర్లకి పైనే బిగించి ఉంటాయి. అందుకని బండి నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి ఉంచితే వదులు చేసుకో. ఆయిల్ సరిగ్గా ఒక లీటరు పడుతుంది. నీ పాతదానికి 0.65 లీటరే, ఆ అలవాటులో తక్కువ పొయ్యకు.

ఎర్రబండి:
మూడు వారాలైంది, వచ్చి చెప్పకపోతే బాగోదు. శనివారం అనుకున్నది ఆదివారం రాత్రి పదకొండు దాకా పట్టింది. కుడి యాక్సిల్ హబ్బులోంచి రాలేదు, పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి వచ్చింది. పీపీఎఫ్ ఎత్తు కొలిచిన కాగితం మా ఆవిడ చెత్తబుట్టలో వేసింది, మళ్లీ వెతికి తీశాం.

టైర్లు ముందే మార్చాను. వానలో సిగ్నల్ దగ్గర గోల చాలావరకు కాదు, మొత్తం పోయింది. డిఫ్ కంటే ముందే! నిన్న ఆటోక్రాస్‌లో అదే మలుపులో ముందే కాలు పెట్టాను. పొగ లేదు. బండి తోక కొంచెం బయటికి జరిగి అలాగే తోసుకుంటూ పోయింది. ఒకచోట లోపలి చక్రం నిజంగానే లేచింది. ఎడమకాలు బ్రేకు మీద పెట్టబోయి క్లచ్ తొక్కేశాను, ఆ ల్యాప్ పోయింది.

ఫోన్ జీపీఎస్ 60 చూపిస్తుంటే ముల్లు 57 దగ్గరే, అన్న చెప్పినట్టే.

పాత ఆరంగుళాల డిఫ్, యాక్సిళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు గ్యారేజ్‌లో కాళ్లకి తగులుతున్నాయి. 1.6 ఉన్నవాళ్లు ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను, వచ్చి పట్టుకెళ్లండి. ఎల్‌ఎస్‌డీ అని మాత్రం చెప్పను.