హెలికాప్టర్ ప్రమాదంలో గాయపడితే పరిహారం: 'ఫుల్ అండ్ ఫైనల్' మీద సంతకం పెట్టొచ్చా?

కూకట్‌పల్లి వాసి (ప్రశ్న):
మా బావగారు చార్‌ధామ్ ప్యాకేజీలో వెళ్లారు. హెలికాప్టర్ దిగేటప్పుడు నేలకు గట్టిగా కొట్టుకుని ఆయనకు నడుము దగ్గర వెన్నుపూస విరిగింది. వయసు 38, జీతం నెలకు 50 వేలు. ప్యాకేజీ అమ్మింది అమీర్‌పేటలోని ట్రావెల్స్, హెలికాప్టర్ వేరే కంపెనీది. 5 లక్షలిస్తాం, ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. విచారణ రిపోర్టు వచ్చాక చూద్దామని ఇంట్లో పెద్దవాళ్ల మాట. కేసు ఉత్తరాఖండ్‌లోనే వేయాలా?

నల్లకోటు:
సంతకం పెట్టకండి. డబ్బు అత్యవసరమైతే 'చికిత్స ఖర్చుకు అడ్వాన్సు, తుది పరిష్కారం కాదు' అని వాళ్ల చేత రాయించుకునే తీసుకోండి.

మీకు వర్తించేది 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ (గాలిలో రవాణా) చట్టం, దాని మూడో షెడ్యూల్. దేశంలోపల ప్రయాణాలకు 2014 నోటిఫికేషన్ ప్రకారం 20 లక్షల వరకు కంపెనీ 'మా తప్పు లేదు' అని తప్పించుకోలేదు. అంతకు మించి అడిగితే, తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే. టికెట్ వెనకాల చిన్న అక్షరాల్లో 'మా బాధ్యత ఇంతే' అని తక్కువ అంకె రాసుకున్నా చెల్లదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తగిలిన గాయాలూ ఇందులోకే వస్తాయి. అయితే ప్రయాణికుడు సిబ్బంది వద్దన్నా బెల్టు తీసేసినట్టు రుజువైతే ఆ మేరకు కోత పడుతుంది.

గడువు రెండేళ్లు. గమ్యం చేరిన రోజు నుంచి, చేరకపోతే చేరాల్సిన రోజు నుంచి లెక్క. కన్స్యూమర్ చట్టంలోనూ గడువు రెండేళ్లే గానీ, అక్కడ ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. క్యారేజ్ బై ఎయిర్ చట్టంలో మాత్రం గడువు దాటితే హక్కే పోతుంది. అందుకే రిపోర్టు కోసం కూర్చోవద్దు.

రెక్కల చప్పుడు:
రిపోర్టు గురించి ఒక మాట. ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ) దర్యాప్తు చేసేది మళ్లీ అలాంటిది జరక్కుండా చూడటానికే. ఎవరు బాధ్యులో, ఎంత కట్టాలో అది చెప్పదు. అలాగని పనికిరాదనీ కాదు. 2025 మే 8న ఉత్తరాఖండ్‌లోని గంగ్‌నానీ దగ్గర కూలిన బెల్ 407 హెలికాప్టర్ ప్రాథమిక నివేదికలో, రోడ్డు మీద దిగబోతూ మెయిన్ రోటర్ ఫైబర్ కేబుల్‌కు తగిలిందని రాశారు. 'మా నిర్లక్ష్యం లేదు' అనే వాదనను ఎదుర్కోవడానికి కావాల్సింది అలాంటి వివరమే. వచ్చినప్పుడు ఫైల్లో చేర్చండి, అంతే.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. కంపెనీ దీన్ని 'హార్డ్ ల్యాండింగ్, చిన్న సంఘటన' అని కొట్టిపారేస్తుంది. వేళ్లు, ముక్కుకు మామూలు ఫ్రాక్చర్ తప్ప ఏ ఎముక విరిగినా, విమాన ప్రమాదాల దర్యాప్తు నియమాల నిర్వచనం ప్రకారం అది తీవ్ర గాయం. తీవ్ర గాయమైతే అది ప్రమాదమే. వెన్నుపూస విరిగిందన్న కాగితం ఒక్కటి చాలు. వీటీ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు తోక మీద ఉంటుంది, ఫొటోలు ఉంటే వెతకండి.

క్లెయిమ్స్ బల్ల:
వైద్యం కాగితాల్లోనే కేసులు దెబ్బతింటాయి. హెలికాప్టర్ నిలువుగా పడితే బరువంతా వెన్ను మీదకే వస్తుంది. మొదటి రోజు ఎక్స్‌రేలో కొన్ని చీలికలు కనిపించవు. ఎమ్మారై సీడీ, అక్కడి ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) నంబరు, ఎఫ్ఐఆర్ నకలు ఇప్పుడే తెప్పించుకోండి. ఆర్నెల్లు పోయాక రికార్డ్ సెక్షన్ చుట్టూ తిరగాలంటే ప్రాణం విసుగెత్తిపోతుంది.

చికిత్స పూర్తయ్యాక ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి. అందులోని శాతం వేరు, పని చేసుకునే శక్తి ఎంత తగ్గిందన్నది వేరు. 2010లో రాజ్‌కుమార్ అనే మోటారు ప్రమాద కేసులో సుప్రీంకోర్టు చూడమన్నది రెండోదాన్ని. ఉదాహరణకు సంపాదన శక్తి 40 శాతం తగ్గిందనుకోండి. ఏడాదికి 6 లక్షలు, భవిష్యత్ పెరుగుదలకు 40 శాతం కలిపితే 8.4 లక్షలు. 38 ఏళ్లకు మల్టిప్లయర్ (వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె) 15 కాబట్టి 1.26 కోట్లు. అందులో 40 శాతం 50.4 లక్షలు. వైద్య ఖర్చు, నొప్పి, సాయం చేసే మనిషి ఖర్చు దీనికి అదనం. ఇది మోటారు ప్రమాదాల లెక్క. విమాన కేసుల్లోనూ కోర్టులు దీన్ని వాడుకుంటాయి.

సొంత యాక్సిడెంట్ పాలసీ ఉంటే మినహాయింపుల పేజీ చదవండి. కొన్నింటిలో 'షెడ్యూల్డ్ విమాన సర్వీసు' (టైమ్‌టేబుల్ ప్రకారం నడిచేవి)కే వర్తిస్తుందని ఉంటుంది, అదే పట్టుకుని తిరస్కరిస్తారు. అలా జరిగితే ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర, పరిమితి 50 లక్షలు.

కూకట్‌పల్లి వాసి:
మరి కేసు ఎక్కడ వేయాలండీ? ట్రావెల్స్ వాళ్లేమో 'మేం టికెట్ మాత్రమే కొనిచ్చాం' అంటున్నారు.

నల్లకోటు:
హైదరాబాద్‌లోనే వేయొచ్చు. 2019 కన్స్యూమర్ చట్టం ఫిర్యాదుదారు నివసించే చోట వేసే వీలిచ్చింది. ఏ కమిషన్ అన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు కట్టిన సొమ్మును బట్టి. ప్యాకేజీ 50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్‌కు వెళ్లాలి. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. ఎదుటివాళ్లు 'ఇది క్లిష్టమైన విషయం, సివిల్ కోర్టుకు పొమ్మనండి' అంటారు, ఎప్పుడూ ఉండే పాటే. 2010 మంగళూరు విమాన ప్రమాదం నుంచి వచ్చిన త్రివేణి కొడ్కనీ కేసు నడిచింది కన్స్యూమర్ కమిషన్‌లోనే, సుప్రీంకోర్టు 2020లో 7.64 కోట్లు ఖరారు చేసింది. అది అంతర్జాతీయ ప్రయాణం, మీ పరిమితులు వేరు.

ట్రావెల్స్‌నూ హెలికాప్టర్ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. ఒప్పందం చేసుకున్నవాడూ నిజంగా తీసుకెళ్లినవాడూ బాధ్యులే. ట్రావెల్స్ తన పేరుతో ప్యాకేజీ అమ్మిందా, ఏజెంటుగా కమీషన్ మాత్రమే తీసుకుందా అన్నది జీఎస్టీ బిల్లులో తేలుతుంది. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో బ్యాంకు స్టేట్‌మెంట్ చూడండి.

రెక్కల చప్పుడు:
లాయరు 'వచ్చినదాంట్లో ఇరవై శాతం ఇవ్వండి' అంటే ఒప్పుకోకండి, బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అది కుదరదు. ఫీజు భారమైతే, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా పురానీ హవేలీలోని న్యాయ సేవా సదన్‌కు సర్టిఫికెట్ పట్టుకెళ్లండి.