అప్‌డేట్: అమ్మ గొంతులో అమిలాయిడ్ గడ్డ, రిపోర్టులన్నీ వచ్చాయి

పోయిన నెల అడిగాను కదా, అమ్మ గొంతు ఎనిమిది నెలలుగా బొంగురుపోతోంది, స్వరపేటికలో పసుపుపచ్చ గడ్డ ఉంది, బయాప్సీలో అమిలాయిడ్ అన్నారు, ఇది క్యాన్సరా అని. క్యాన్సర్ కాదు.

పెథాలజీ డాక్టరు గారు స్లైడు నాకే చూపించారు. కాంగో రెడ్ అనే రంగు వేస్తే ఇటుక రంగులో ఉన్న ముద్ద, పోలరైజ్డ్ వెలుతురులో ఆకుపచ్చ ఆపిల్ రంగులో మెరిసింది. అమిలాయిడ్ అనడానికి గుర్తు అదేనట.

అమిలాయిడ్ అంటే ప్రోటీన్. అయోడిన్‌తో పిండిపదార్థంలా రంగు మారిందని 1854లో విర్కో అనే జర్మన్ డాక్టరు, పిండిపదార్థం లాంటిది అనే అర్థంతో పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. గొంతు పొరలోనే ఉన్న కొన్ని ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసే కణాలు) యాంటీబాడీలో ఒక ముక్కని, అంటే లైట్ చెయిన్‌ని, ఎక్కువగా తయారుచేస్తే అవి సరిగా మడతపడక సన్నని పోగుల్లా అతుక్కుని అక్కడే పేరుకుంటాయి. అమ్మది లాంబ్డా అనే రకం లైట్ చెయిన్ అని, ఏ ప్రోటీనో గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షలో తేలింది. ఆ కణాలు అలా ఎందుకు మారతాయో వైద్యులకే పూర్తిగా తెలియదు, కాబట్టి ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పడం వల్లే వచ్చిందని అమ్మని బాధపెట్టకండని బంధువులందరికీ చెప్పేశాను.

అసలు టెన్షన్ గుండెకీ కిడ్నీలకీ పాకిందేమోనని. రక్తం, మూత్రం, ఎకో (గుండె స్కాన్), పొట్ట కొవ్వు పరీక్ష అన్నీ బాగున్నాయి, కీమో అక్కర్లేదన్నారు. లేజర్‌తో గడ్డ తీశారు. ఏళ్ల తర్వాత కూడా మళ్లీ రావచ్చు కాబట్టి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

నిన్న పొద్దున వంటింట్లోంచి నన్ను పిలిచింది, హాల్లోకి వినబడింది.