ఆటో ఎక్స్‌పోజర్ "సర్దుకుంది" అంటే ఏ ఫ్రేము దగ్గర?

ప్రశ్న:

కెమెరాల పరీక్ష నివేదికలు తెలుగులో రాస్తున్నాం. టెస్ట్ చార్టును గోడకు బిగించి, కెమెరాను కదలకుండా స్టాండు మీద పెట్టి, వీడియో నడుస్తుండగా దీపాల వెలుగు ఒక్కసారిగా మారుస్తాం. తర్వాత ఒక్కో ఫ్రేములో చార్టు మీది బూడిదరంగు గళ్ళు ఎంత వెలుగుగా ఉన్నాయో చూసి గ్రాఫు గీస్తాం. ఆటో ఎక్స్‌పోజర్ (వెలుగును బట్టి బొమ్మ ఎంత వెలుగుగా రావాలో కెమెరా తనే సరిచేసుకోవడం) ఎంత త్వరగా, ఎంత నిలకడగా పనిచేసిందో ఆ గీతలోనే ఉంటుంది. చిక్కల్లా దాన్ని మాటల్లో పెట్టేటప్పుడే. ఒకరు "సర్దుకుంది" అంటారు, ఇంకొకరు "తేరుకుంది", మరొకరు "కుదురుకుంది". ఒకే వీడియో చూసి ముగ్గురూ మూడు సమయాలు రాశారు. ఏ మాట ఖాయం చేద్దాం? "అభిసరణ" (కన్వర్జెన్స్) మాత్రం వద్దండి, చదివేవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

జవాబు:

ఒక్క మాట ఖాయం చేయకండి. మూడు సమయాలు వచ్చాయంటే ముగ్గురూ మూడు సంగతులు చూశారన్నమాట. మూడింటికీ పేర్లు మీ దగ్గరే ఉన్నాయి, వాటి హద్దులు గీసుకుంటే చాలు.

"తేరుకోవడం" తీసుకోండి. బురద అడుక్కి దిగి పైన తేట కనబడితే నీళ్ళు తేరుకున్నాయంటాం. అంటే కనబడనిది కనబడటం. దీపాలు 100 లక్సుల నుంచి 1000 లక్సులకు పెంచారనుకోండి. పది రెట్లు, దాదాపు 3.3 స్టాపులు (వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు). 18 శాతం బూడిద గడి (మీద పడ్డ వెలుగులో 18 శాతం వెనక్కి పంపేది) ఎస్‌ఆర్‌జీబీ వంపు (వెలుగును పిక్సెల్ విలువగా మార్చే ప్రామాణిక గీత) ప్రకారం 8 బిట్లలో, అంటే 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో, 118 దగ్గర ఉంటుంది. వెలుగు రెండున్నర స్టాపులు పెరిగేసరికే అది 255కు చేరి అక్కడే అతుక్కుపోతుంది. అసలు ఎంత ఎక్కువైందో ఆ గడి ఇక చెప్పలేదు, నల్లటి గళ్ళను అడగాల్సిందే. చార్టు మీద అన్ని మెట్లు ఉండేది అందుకే. ఆ తెల్లదనం వదిలి బూడిద గడి మళ్ళీ 255 కిందకు దిగిన ఫ్రేము ఉంది చూశారా, బొమ్మ తేరుకున్నది అక్కడ. కానీ వెలుగు ఇంకా జారుతూనే ఉంటుంది.

"కుదురుకోవడం" వేరు. గుండ్రటి అడుగున్న కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టను కుదురు అంటాం. ఈ మాటలో ఉన్నది కదలిక ఆగడం. గీత చివరి విలువకు దగ్గరగా వచ్చి, ఇక అక్కడి నుంచి బయటికి పోకుండా ఉంటేనే కుదురుకున్నట్టు. మొదటిసారి అక్కడికి వచ్చిన ఫ్రేము లెక్కలోకి రాదు, ఎందుకంటే చాలా కెమెరాలు అక్కడ ఆగవు, దాటిపోయి బొమ్మను మరీ చీకటి చేసి వెనక్కి వస్తాయి. ఆఖరిసారి లోపలికి వచ్చిన ఫ్రేమే లెక్క. "దగ్గరగా" అంటే ఎన్ని స్టాపుల తేడా వరకు అన్నది నివేదిక మొదట్లోనే రాయాలి, లేకపోతే మళ్ళీ ముగ్గురివీ మూడు జవాబులే.

ఇక "సర్దుకోవడం" మొత్తం వ్యవహారానికి పేరుగా బాగుంటుంది. ఒక క్షణానికి పేరుగా పనికిరాదు.

మరో జవాబు:

పైవారితో ఏకీభవిస్తూనే ఒక్క సవరణ. కుదురుకున్నంత మాత్రాన సరైన చోట కుదురుకున్నట్టు కాదు. అరస్టాపు చీకటిగా కుదురుకుని హాయిగా ఉండిపోయే కెమెరాలున్నాయి. సమయం బాగుంటుంది, బొమ్మ బాగుండదు. అందుకని "ఎప్పుడు కుదురుకుంది" పక్కనే "ఎక్కడ కుదురుకుంది" అన్న అంకె కూడా ఉండాలి.

ఆ అంకె స్టాపుల్లోనే ఇవ్వండి. అదే ఎస్‌ఆర్‌జీబీ వంపు మీద 118 నుంచి ఒక స్టాపు పైకి పోతే 162, ఒక స్టాపు కిందికి వస్తే 85. పైకి 44, కిందికి 33. వెలుగులో తేడా రెండువైపులా ఒకటే అయినా పిక్సెల్ విలువల్లో ఒకటి కాదు. కెమెరా సొంత వంపు ఇంకోలా ఉంటే ఈ అంకెలూ మారతాయి. ముందు వంపు విప్పి, సరళ విలువలకు (వెలుగు ఎన్ని రెట్లైతే అన్ని రెట్లయ్యేవాటికి) తెచ్చి, రెండు ఆధారంగా లాగరిథం తీస్తేనే న్యాయం.

అడిగినవారు:

చాలా ఉపయోగపడిందండీ. దాటిపోవడం, తర్వాత అటూ ఇటూ "ఊగిసలాట" అని రాసుకున్నాం. అయితే ఒక వీడియోలో చివరిదాకా సన్నని కదలిక ఉంది. దాన్నీ ఊగిసలాట అనొచ్చా?

జవాబు:

ముందు దీపాలను అనుమానించండి. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతాయి. ఎక్స్‌పోజర్ సమయం సెకనులో వందో వంతు గానీ దాని గుణిజాలు గానీ అయితే ఆ తేడా చెరిగిపోతుంది. అంతకంటే తగ్గితే ఫ్రేముల్లోకి వచ్చేస్తుంది. అది కెమెరా తప్పు కాదు కనుక దానికి వేరే మాట కావాలి, "మినుకు" ఉండనే ఉంది. దీపం చేసేది మినుకు, కెమెరా చేసేది ఊగిసలాట. నిలకడైన డీసీ దీపం కింద మళ్ళీ తీయండి, పోతే మినుకే.

ఇంకొకటి. వెలుగు మారిన ఫ్రేములో సగం బొమ్మ చీకటిగా, సగం తెల్లగా ఉండొచ్చు, సెన్సరు వరుసలను ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది కనుక. ఆ ఫ్రేమునే సున్నా అనుకోండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక్కోటి 33 మిల్లీసెకన్లు, అంతకంటే సన్నగా సమయం చెప్పలేం. నివేదికలో దశాంశాలు పెంచకండి.

అడిగినవారు:

అయితే పట్టికలో అరలు ఇలా పెడుతున్నాం: కదిలింది (కెమెరా సర్దుకోవడం మొదలుపెట్టిన ఫ్రేము), తేరుకుంది, ఎంత దాటింది, కుదురుకుంది, ఎక్కడ కుదురుకుంది. వెలుగు పెంచినప్పుడు ఒక వరుస, తగ్గించినప్పుడు ఇంకో వరుస. చీకట్లోకి పోయేటప్పుడు "తేరుకుంది" అన్నది నల్లటి గళ్ళు ఒకదాని నుంచి ఒకటి విడిగా కనబడిన ఫ్రేముకు వాడతాం.