అప్‌డేట్: ట్యూబ్ పోలేదు, తప్పు నాదే

పోయిన నెల అడిగాను కదా, 811ఏ అనే వాక్యూమ్ ట్యూబుతో కట్టిన టెస్లా కాయిల్‌లో (గాలిలోకి స్పార్కులు చిమ్మే హై వోల్టేజ్ కాయిల్) స్పార్క్ రావట్లేదు, ట్యూబ్ లోపలి ప్లేట్ మాత్రం ఎర్రగా కాలుతోంది, ట్యూబ్ పోయినట్టేనా అని. ట్యూబ్ నిక్షేపంగా ఉంది. గ్రిడ్‌కి, అంటే ట్యూబులో కరెంట్‌ని అదుపు చేసే జాలీకి, వెళ్లే ఫీడ్‌బ్యాక్ కాయిల్ కొసలు నేనే తారుమారుగా కలిపాను. అలా కలిపితే ఆసిలేషన్ (కరెంట్ వేగంగా అటూ ఇటూ ఊగడం) మొదలే కాదు, అది లేకపోతే గ్రిడ్ మీద నెగటివ్ బయాస్ (కరెంట్‌ని పట్టి ఉంచే నెగటివ్ వోల్టేజ్) రాదు, ఇక కరెంట్ అడ్డూ అదుపూ లేకుండా పారి ప్లేట్‌ని మాడ్చేస్తుంది. 65 వాట్ల వేడి తట్టుకునే ప్లేట్ అది, పాపం.

కొసలు మార్చి వేరియాక్‌తో (వోల్టేజ్‌ని తిప్పి పెంచే ట్రాన్స్‌ఫార్మర్) మెల్లగా పెంచాను. సగం దాటాక సెకండరీ (స్పార్క్ వచ్చే కాయిల్) కొసన ఊదా రంగు మంట, విప్పిన చీపురు కట్టలా, గుర్రుమంటూ! జానెడు కూడా లేదు, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఫిలమెంట్‌కి (ట్యూబులో వేడెక్కే తీగ) 6.3 వోల్టులు అందుతున్నాయా అని అడిగినవారికి, అందుతున్నాయి, అక్కడ తేడా లేదు. దీనికి హై వోల్టేజ్ ఇచ్చే మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రాణం తీస్తుందన్న మాట మాత్రం నిజమే, దాదాపు 2000 వోల్టులు మరి. కెపాసిటర్‌కి బ్లీడర్ రెసిస్టర్ (మిగిలిన చార్జ్‌ని ఖాళీ చేసేది) వేశాను, ప్లగ్ పీకి మీటర్ సున్నా చూపించాకే చెయ్యి పెడుతున్నాను, అదీ ఒక చెయ్యి జేబులో పెట్టుకుని. ఇక ప్రైమరీ ట్యాప్ (ప్రైమరీ కాయిల్‌కి వైరు తగిలించే చోటు) మార్చి చూడాలి.