నాయన గడప దగ్గర ఆగిపోతున్నాడు, ఇంట్లో ఏవి పనికొస్తాయి?

ప్రశ్న (కడప):
మా నాయనకు 68 ఏళ్లు, పార్కిన్సన్స్ వచ్చి నాలుగేళ్లయింది. ఇప్పుడు వణుకు కంటే నడకతోనే టెన్షన్. హాల్లో బాగానే నడుస్తాడు, వంటింటి గడప దగ్గరికొచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కున్నట్టు నిలబడిపోతాడు. మొన్న అమ్మ చేయి పట్టి లాగితే ముందుకు తూలి పడబోయాడు. ఆన్‌లైన్‌లో చూస్తే లేజర్ కర్ర, వణికే చేతికని అమ్మే బరువు స్పూన్లు, అన్నీ వేలల్లో ఉన్నాయి. వాడినవాళ్లు చెప్పండి.

జవాబు (అనంతపురం):
అన్నా, ముందు లాగొద్దని అమ్మకు చెప్పు. కాళ్లు కదలనప్పుడు లాగితే ఒళ్లు మాత్రమే ముందుకొస్తుంది, పడేది అందుకే. మా మామకూ ఇంతే. కాసేపు నిలబడనిచ్చి, బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి అటూ ఇటూ వేయమంటాం. మాది నల్లబండల నేల, గడపకు ఇటు మూడు, అటు మూడు తెల్ల టేపు పట్టీలు అడుగుకొకటి చొప్పున అడ్డంగా అంటించాను. నడవమంటే నడవరు, గీత దాటమంటే దాటుతారు! లేజర్ కర్ర చేసేదీ అదే, కాళ్ల ముందు ఒక గీత చూపిస్తుంది, అంతే. టేపు అంచులు లేస్తే మాత్రం కాలికి తగులుతాయి, చూసుకుంటూ ఉండు.

జవాబు (కర్నూలు):
స్పూన్ల సంగతి నన్నడిగితే, సంగటి ముద్ద చేత్తో తింటే ఒలికేదేమీ లేదు, ఉగ్గాని పెడితేనే ప్లేటు చుట్టూ బొరుగులు. అంచు ఎత్తున్న గిన్నె, దాని కింద జారకుండా తడిగుడ్డ, గ్లాసులో సగమే కాఫీ. లుంగీ కాళ్లకు అడ్డం పడుతుంది, ఎలాస్టిక్ ప్యాంటు నయం. రాత్రి పక్కకు తిరగలేకపోతుంటే నడుము కింద మాత్రం శాటిన్ గుడ్డ పరవండి, పాదాల దగ్గర కాటన్ దుప్పటే ఉండాలి, లేకపోతే మడమలకు పట్టు దొరకదు.

జవాబు (ప్రొద్దుటూరు):
మాత్ర లెవోడోపానేనా? పాలతో వేస్తున్నారేమో చూడండి, మేం రెండేళ్లు అదే తప్పు చేశాం. పాలు, పప్పు, గుడ్డులోని ప్రోటీన్ మందును ఒంటికి పట్టనివ్వదు. మాకు తిండికి అరగంట ముందు నీళ్లతో వేయమన్నారు, మీ డాక్టర్‌ను అడిగి మార్చండి. ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది, సదరం సర్టిఫికెట్‌కు అడిగి చూడండి.

ప్రశ్న అడిగినాయన:
అందరికీ థాంక్స్. టేపు తెచ్చేదాకా ఆగలేక అమ్మ ముగ్గుపిండితో మూడు గీతలు గీసింది. ముగ్గు తొక్కకూడదని నాయన కాలు బాగా ఎత్తి మరీ దాటాడు.