తుంటి ఎముక విరుపు: జారిపడినట్టు రాసి ఉంటే ఎస్72 వేయాలా, ఎం80 వేయాలా?

కావలి విద్యార్థిని:
అందరికీ నమస్కారం. బీఫార్మసీ పూర్తిచేసి సీపీసీ పరీక్షకు (రోగుల రికార్డులు చదివి రోగాలకు, చికిత్సలకు కోడ్లు వేసే మెడికల్ కోడర్ల పరీక్ష) చదువుకుంటున్నాను. సాధన కోసం ఇచ్చిన ఒక అమెరికా చార్టులో (రోగి రికార్డులో), 78 ఏళ్ల స్త్రీ స్నానాల గదిలో కాలుజారి పడినట్టు, ఎడమ తొడ ఎముకకు ఇంటర్‌ట్రొకాంటెరిక్ ఫ్రాక్చర్ (ఎముక మెడకు కింద, ట్రొకాంటర్లు అనే ఉబ్బుల మధ్య విరుపు) అయినట్టు, ఆపరేషన్ చేసి ఎముక లోపల నెయిల్ (లోహపు కడ్డీ) వేసినట్టు ఉంది. ఆమెకు ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) ఉన్నట్టు కూడా వైద్యుడు రాశారు. పడడం వల్లనే విరిగింది కాబట్టి గాయంతో వచ్చిన విరుపుకు వేసే ఎస్72.142ఏ సరిపోతుందని నాకు అనిపిస్తోంది. మా శిక్షకులు మాత్రం ఆస్టియోపోరోసిస్‌తో వచ్చిన విరుపుకు వేసే ఎం80.052ఏ అంటున్నారు. విరిగిన ముక్క పక్కకు జరిగిందో లేదో చార్టులో ఎక్కడా లేదు. దయచేసి వివరించగలరు.

నెల్లూరు కోడర్:
అమ్మా, మీ శిక్షకులు చెప్పినదే సరైనది. ఆస్టియోపోరోసిస్ ఉన్నట్టు ముందే తెలిసిన మనిషి చిన్నపాటి పడడం వల్ల ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు, ఆ పడడం ఆరోగ్యవంతమైన ఎముకను మామూలుగా విరిచేంతటిది కాకపోతే, గాయాల కోడు కాకుండా ఎం80 వేయాలని ఐసీడీ-10-సీఎం (అమెరికాలో వాడే రోగాల కోడ్ల జాబితా) మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. నిలబడిన చోటు నుంచి నేలమీదికి జారిపడడం ఆ కోవలోకే వస్తుంది. అదే మనిషి కారు ప్రమాదంలో చిక్కుకొని ఉంటే ఆలోచన వేరుగా ఉండేది. అటువంటప్పుడు, చార్టులో స్పష్టత లేకపోతే, వైద్యుడికి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపి అడగాలే తప్ప మనమే తేల్చకూడదు. అలాగే వయసు 78 కదా అని, వైద్యుడు రాయని ఆస్టియోపోరోసిస్‌ను మనం ఊహించి వేయడానికి వీలులేదు. ఎం80 వేశాక దానితోపాటు ఎం81 వేయకండి. అది ప్రస్తుతం విరుపు లేని ఆస్టియోపోరోసిస్‌కు సంబంధించినది.

ఆస్టియోపోరోసిస్ ప్రస్తావనే లేని చార్టు అయితే మీ ఎస్72.142ఏ సరిపోయేది. ముక్క జరిగిందో లేదో రాయకపోతే జరిగినట్టుగానే, చర్మం చీలిందో లేదో రాయకపోతే క్లోజ్డ్ ఫ్రాక్చర్‌గానే లెక్కించాలన్నది నియమం.

ఒంగోలు ఫిజియోథెరపిస్టు:
కోడింగ్ నియమాలు సోదరులు చక్కగా చెప్పారు. ఎముక సంగతి కాస్త తెలిస్తే ఆపరేషన్ నోటు చదవడం సులువవుతుందని రెండు మాటలు రాస్తున్నాను. తొడ ఎముక తలకు (తుంటి కీలులో ఉండే గుండ్రని భాగానికి) రక్తం చాలావరకు ఎముక మెడను (తలకు కింది సన్నని భాగాన్ని) అంటిపెట్టుకొని పైకి వెళ్లే సన్నని నాళాల నుంచే అందుతుంది. కీలు పొర లోపల, మెడ దగ్గర విరిగి ముక్క జరిగితే ఆ నాళాలు తెగి, ఎముక అతకకపోవచ్చు, తల చచ్చుబడవచ్చు. అందుకే పెద్దవయసు వారిలో ఇటువంటి విరుపుకు చాలాసార్లు తలనే తీసివేసి కృత్రిమ తలను అమర్చుతారు. ఈ మెడ విరుపులకు వాడే గార్డెన్ వర్గీకరణలో 1, 2 అంటే ముక్క జరగనివి, 3, 4 అంటే జరిగినవి. ట్రొకాంటర్ ప్రాంతం కీలు పొరకు బయట ఉంటుంది. అక్కడ రక్తం బాగా అందుతుంది కాబట్టి ఎముక అతుకుతుంది, ప్లేటూ స్క్రూలతోనో నెయిల్‌తోనో నిలబెడితే చాలు. అయితే లోపల రక్తస్రావం ఎక్కువ. ముక్క జరిగిన విరుపులో కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తుంది. జరగని విరుపుతో కొందరు కుంటుతూ నడిచి కూడా వస్తారు, ఎక్స్‌రేలో గీత కనపడకపోవచ్చు. అనుమానం తీరకపోతే ఎంఆర్ఐ తీయించాలి.

మన జిల్లాల్లో నాటు కట్టు కట్టించి వారాల తరబడి ఇంట్లో పడుకోబెట్టి, ఆ తర్వాత ఆసుపత్రికి తెచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ముక్క జరిగిన మెడ విరుపును పైనుంచి కట్టే ఏ కట్టూ నిలబెట్టలేదు. ఆలోగా పడక పుండ్లు, న్యుమోనియా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం మొదలవుతాయి. మీ ఇంట్లో పెద్దవారు పడి కాలు ఎత్తలేకపోతే దయచేసి ఆ రోజే ఎక్స్‌రే తీయించండి.

కావలి విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మేడమ్ చెప్పినట్టు ఆలస్యంగా వచ్చిన రోగికి కోడు చివరి అక్షరంగా ఏ వేయాలా, డీ వేయాలా?

నెల్లూరు కోడర్:
ఏ వేయాలి. చికిత్స కోసం ఆలస్యంగా వచ్చినవారికి కూడా ఏ వర్తిస్తుందని మార్గదర్శకాలలోనే ఉంది. ఆ అక్షరం చురుకైన చికిత్స జరుగుతున్నదా అన్నదాన్ని చూస్తుంది. ఎన్నవ రోజు, ఎన్నవ వైద్యుడు అన్నది చూడదు. ఆపరేషన్ తర్వాత మామూలుగా అతుకుతున్న ఎముకను చూపించుకోవడానికి వస్తే డీ.

సీపీటీ (చేసిన చికిత్సకు వేసే కోడ్లు) విషయంలో ఒక్క మాట. మీ చార్టులోని నెయిల్‌కు 27245, ప్లేటూ స్క్రూలయితే 27244. ఎముక మెడ విరిగినందువల్ల సగం కీలు (తల వైపు మాత్రమే) మార్చితే చాలామంది 27125 వైపు వెళ్తారు. ఆ కోడు కిందే, విరుపు తర్వాత చేసే మార్పిడికి 27236 చూడమని సూచన ఉంది. పరీక్షకు పుస్తకం తీసుకెళ్లనిస్తారు కాబట్టి, ఆ సూచన పక్కన ఇప్పుడే గీత గీసి పెట్టుకోండి.